బ్యాటు అను విగ్రహము

యోహాను తన మొదటి పత్రిక చివర విగ్రహములను గూర్చి హెచ్చరించినది విశ్వాసులనే. దీనిని తలంచినప్పుడెల్ల మాకు చార్లెస్ స్టడ్డు జ్ఞాపకమునకు వచ్చును.

ఇతడు 1860లో ఇంగ్లండులో జన్మించెను. తండ్రి పందెపు గుఱ్ఱములనిన ప్రాణము విడుచువాడు. మూడీగారి ప్రసంగములు విని మారుమనస్సు పొంది వాటిని వదలుకొనెను. కుమారుడు 1878లో రక్షింపబడెను గాని బ్యాటును వదలలేదు. క్రికెట్టు పాపమా? కాదు, మాకును ఇష్టమే. అయితే ప్రభువును గూర్చి నోరు మెదపకయే ఏండ్లు గడచెను. హృదయము చల్లారెను, పేరు మాత్రము పెరిగెను. 1882లో లండను ఓవలు మైదానమున ఆస్ట్రేలియాతో ఇంగ్లండు 7 పరుగుల తేడాతో ఓడినప్పుడు, ఇతడు ఒక్క బంతియైన ఎదుర్కొనకుండ నిలిచిపోయెను.

అటుపిమ్మట అన్న జార్జి చావుబ్రతుకులలో పడెను. ఆ మంచము ప్రక్కన కూర్చున్నప్పుడు, ఆ కీర్తి యెంత తేలికయో చార్లెస్‌కు తెలిసెను. 1885లో సువార్తకై చైనాకు ఓడ యెక్కెను.

బ్యాటు లేచిన పీటమీద డబ్బు వచ్చి కూర్చుండునేమో! తండ్రి ఆస్తిలో తన వంతు సుమారు 29,000 పౌనులు. 1887లో అందులో చాల భాగము దేవుని పనికి పంచిపెట్టి, కొంత మిగుల్చుకొనెను. 1888లో పెండ్లికి ముందు ఆ మిగిలినది వధువు ప్రిస్కిల్లాకు ఇయ్యబోగా, అదియు ఇచ్చివేయుమని ఆమెయే అడిగెను. ఇచ్చివేసిరి.