త్యాగరాజస్వామివారి గృహము

 

1961వ సంవత్సరము జనవరి 6వ తేదీన భారత తపాలాశాఖవారు శ్రీ త్యాగరాజస్వామివారి రూపముతో 15 నయాపైసల తపాలాబిళ్ల నొకదానిని వెలువరించిరి. ఆ మహనీయుడు సిద్ధినొంది నాటికి 114 సంవత్సరములు. ఉంఛవృత్తిచే కాలము గడపినవాని రూపము, వెల వ్రాసిన చిన్న కాగితముపై దేశదేశములకు పోయెను. ఆ బిళ్లపై స్వామివారి రూపము గలదు గాని వారు నివసించిన యిల్లు లేదు. అయినను వారి జీవితమునందలి ముఖ్యఘట్టము లన్నియు ఆ యింటితోనే ముడివడి యున్నవి. కావున ఆ యింటి నాశ్రయించి వారి చరిత్రమును సంగ్రహముగ విన్నవించుచున్నాను.

కాకర్లవారు మురికినాటి శాఖకు చెందిన తెలుగు బ్రాహ్మణులు. తంజావూరు నాయకరాజుల కాలమున తెలుగు ఆ సీమకు రాజభాషయై వర్ధిల్లెను. తరువాత వచ్చిన మహారాష్ట్ర ప్రభువులును దాని నాదరించిరి. కనుక కావేరీతీరమున తెలుగు కుటుంబములు స్థిరపడుటలో వింతలేదు. అట్టి కుటుంబమున రామబ్రహ్మము, సీతమ్మ అను పుణ్యదంపతులకు 1767 మే 4వ తేదీన తిరువారూరులో మన చరిత్రనాయకుడు జన్మించెను. ఆ క్షేత్రమున వెలసిన స్వామి పేరే బాలునకు పెట్టబడెను. పిమ్మట కుటుంబము పంచనదక్షేత్రమగు తిరువయ్యారు చేరెను. అచట తిరుమంజనవీధి యందలి గృహమును తుళజా మహారాజు రామబ్రహ్మమున కొసగెనని పెద్దలు చెప్పుదురు.

బాలునకు పదునాలుగేండ్ల ప్రాయమున, 1781లో, హైదరాలీ సేనలు తంజావూరు సీమను కొల్లగొట్టెను. పంటలు నశించెను, ప్రజలు చెల్లాచెదరైరి. అట్టి కష్టకాలమునకు చేరువగనే త్యాగరాజు ఆస్థానవిద్వాంసుడగు శొంఠి వేంకటరమణయ్యగారి శిష్యుడై సంగీతము నభ్యసించెను. గురువు కొలువున మన్నన గాంచినవాడు. శిష్యునకును ఆ మార్గము సుగమమే. కాని శరభోజి మహారాజు ఆహ్వానము పంపినపుడు త్యాగరాజు దానిని తిరస్కరించెను. ధనము సుఖమా, రామసన్నిధి సుఖమా యను విచారముతో కూడిన కల్యాణిరాగకృతి ఆ సందర్భముననే పుట్టినదని ప్రసిద్ధి.

ఈ తిరస్కారము యింటిలో కలహమునకు హేతువయ్యెను. అన్నగారగు జపేశుడు ఉమ్మడి సంసారమునకు లోటు కలుగుచున్నదని కోపించి, తమ్ముడు నిత్యము పూజించు విగ్రహములను కావేరిలో పారవైచెనని చరిత్రకారులు చెప్పుదురు. త్యాగరాజు వగచి వెదకి, తుదకు వానిని మరల పొందెను. ఆ గృహము రెండు భాగములయ్యెను. సంసారము నీడ్చువాని వేదనయు అసత్యము కాదు గనుక అన్నగారిని తూలనాడుట మనకు తగదు. అయినను లోకము నేటికిని స్మరించునది రెండవ భాగమునే.

ఆ సగము యింటిలో నుండియే త్యాగరాజు వీధులలో రామనామము పాడుచు ఉంఛవృత్తికి బయలుదేరెడివాడు. లభించిన ధాన్యముతోనే సంసారమును, ఇంట జేరిన శిష్యులును పోషింపబడిరి. అచటనే కృతులు వెలువడెను. నేడు సుమారు 700 లభించుచున్నవి. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగములందలి పంచరత్నములును, ప్రహ్లాదభక్తివిజయము, నౌకాచరిత్రము అను గేయనాటకములును వారి కీర్తికి స్తంభములు. తుదకు సన్న్యాసాశ్రమము స్వీకరించి, 1847 జనవరి 6వ తేదీన, పుష్య బహుళ పంచమినాడు సిద్ధినొందిరి. కావేరీతీరమున సమాధి యేర్పడెను. ఏకపుత్రిక సీతాలక్ష్మి, ఆమె కుమారుడు నిస్సంతుగ గతించుటచే ఆ సంతతి అంతరించెను.

మరి యీ సంపద మనకెట్లు దక్కినది? ఇది మన సభలో యోచింపదగిన ప్రశ్న. వాలాజాపేట వేంకటరమణ భాగవతులు సౌరాష్ట్ర కులమువారు. గురువుగారి కృతులను, చరిత్రమును ఆయనయు ఆయన కుమారుడును గ్రంథస్థము చేసిరి. మానాంబుచావడి వేంకటసుబ్బయ్య, తిల్లస్థానము రామయ్యంగారు, ఉమయాళ్పురము భాగవతులు మొదలగువారు పాఠాంతరములను నిలిపిరి. సమాధి శిథిలమగుచుండ, దేవదాసీ కుటుంబమున జన్మించిన బెంగుళూరు నాగరత్నమ్మగారు తన ఆర్జితమును వెచ్చించి, 1921లో పునాది వేయించి, ఆలయము నిర్మింపజేసిరి. అచటి ఆరాధనలో స్త్రీలు పాడుటకు అనుమతి లేనికాలమున ఆమె స్త్రీలకు వేరుగ ఉత్సవము నెలకొల్పిరి. 1952లో ఆమె గతించువరకు ఆ సన్నిధియే ఆమెకు ఆశ్రయము.

తిరుమంజనవీధిలోని పాతకట్టడము నేడు లేదు. ఆ స్థలమున స్మారకమందిరము వెలసినది. గోడలు నిలువలేదు, వంశము నిలువలేదు. నిలిచినది విద్య. దానిని నిలిపినవారు పెక్కు కులములవారు. త్యాగరాజస్వామి మావాడని గర్వించు మనము ఆ ఋణమును మరువరాదు. పెట్టెలలో చెదలు తినుచున్న పూర్వుల వ్రాతప్రతులను వెలికిదీసి కాపాడుటయు, విద్యార్థి యే యింట జన్మించెనని విచారింపక పోషించుటయు ఆ ఋణము దీర్చు మార్గములు. మన సంఘము ఈ సంవత్సరమున వీనిలో నొకదానినైనను పూనుకొనుగాక యని ప్రార్థించుచు విరమించుచున్నాను.

స్వస్తి.