చెట్లు లెక్కపెట్టి ఉరికినోడు

సెమిస్టర్ సెలవులకు బాల్కొండ పోయినప్పుడల్లా నాకు ఒకటే డ్యూటీ. కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారవుతున్న మా పెద్దనాన్న కొడుకు వెంట పొద్దుగాల్నే గ్రౌండ్‌కు పోవాలె. 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో ఉరకాలె. అన్న అప్పు చేసి ఒక స్పోర్ట్స్ వాచీ కొన్నాడు. చుట్టు చుట్టుకూ చెయ్యెత్తి చూసుకుంటాడు, వెనకబడ్డానని భయపడి ఒక్కసారే స్పీడు పెంచుతాడు, ఆరో చుట్టుకు దమ్ము అయిపోతుంది. అది చూసి చూసి నేను ఎమిల్ జాటోపెక్ గురించి చదవడం మొదలుపెట్టాను.

1922లో అప్పటి చెకొస్లొవేకియాలో ఒక వడ్రంగి ఇంట్లో పుట్టాడు. పదహారేళ్లకు జ్లీన్ ఊర్లో బాటా చెప్పుల ఫ్యాక్టరీలో చేరాడు. అవును, మనం బడికి వేసుకుపోయిన ఆ బాటానే. ఉరకడం మీద అసలు మోజు లేదు. 1941లో ఫ్యాక్టరీవాళ్లు పరుగు పందెంలో బలవంతంగా నిలబెడితే, నాకు చాతకాదని తప్పించుకోజూశాడు. డాక్టరు బాగానే ఉన్నావని పంపించాడు. వందమందిలో రెండోవాడిగా వచ్చాడు. అక్కడ అంటుకుంది పిచ్చి.

అతని ప్రాక్టీసు వింటే నవ్వొస్తుంది. పనికి పోయే దారిలో వరసగా పాప్లర్ చెట్లుండేవి. మొదటిరోజు నాలుగో చెట్టు దాకా ఊపిరి బిగబట్టి నడిచాడు. మర్నాడు ఐదో చెట్టు దాకా. అట్లా రోజుకో చెట్టు పెంచుకుంటూ పోయి ఒకసారి స్పృహ తప్పి పడిపోయాడట! సైన్యంలో చేరాక బరువైన బూట్లతో అడవి దారుల్లో, మంచులో ఉరికేవాడు. 400 మీటర్లు గట్టిగా, తర్వాత కొంచెం దూరం మెల్లగా, మళ్ళీ 400. ఇట్లా ఇరవై సార్లు, పోనుపోను నలభై, ఇంకా పైన. ఒక్కో 400 ఎన్ని సెకన్లలో ఉరికాడని కోచ్‌లు ఇప్పటికీ వాదించుకుంటారు. ఎందుకంటే చాలాసార్లు అక్కడ గడియారం పట్టుకున్నవాడే లేడు. అతను లెక్కపెట్టింది సెకన్లు కాదు, ఎన్నిసార్లు ఉరికాడన్నది. బట్టలు నానబెట్టిన తొట్టిలో నిలబడి ఉరికి, ఉతుకుడు, ప్రాక్టీసు రెండూ కానిచ్చేవాడు. (హాస్టల్లో ట్రై చేయకండి, బకెట్ పగిలింది.)

అట్లని గడియారం వద్దన్న మనిషి కాదు. 1948 లండన్ ఒలింపిక్స్ 10,000 మీటర్ల పందెంలో చుట్టుకు 71 సెకన్లు అని ముందే అనుకున్నారు. గడియారం మాత్రం స్టాండ్‌లో కూర్చున్న తనవాడి చేతిలో ఉంది. లెక్క తప్పితే ఎర్ర బట్ట ఊపాలి. ఎనిమిదో చుట్టు దగ్గర ఎర్రది కనపడింది, ఇతను కదిలాడు. 29 నిమిషాల 59.6 సెకన్లు, బంగారం. రెండోవాడు 48 సెకన్ల వెనక.

1952 హెల్సింకిలో 5000, 10,000 రెండూ గెలిచి, జన్మలో ఎన్నడూ ఉరకని మారథాన్‌లో కూడా దిగాడు. స్పీడు ఎంత ఉండాలో తెలియదు. అందుకని అప్పటి అత్యుత్తమ టైమున్న ఇంగ్లండ్ రన్నర్ జిమ్ పీటర్స్ పక్కకు చేరి, ఈ వేగం సరిపోతుందా అని అడిగాడు. అతను ఏడిపిద్దామని, చాలా నెమ్మదిగా పోతున్నామన్నాడు. ఇతను నిజమనుకుని ముందుకు పోయాడు! పీటర్స్ మధ్యలోనే ఆగిపోయాడు. జాటోపెక్ 2 గంటల 23 నిమిషాల్లో గెలిచాడు. ఒకే ఒలింపిక్స్‌లో ఆ మూడూ గెలిచినవాడు ఇప్పటికీ ఇంకొకడు లేడు.

1968లో ప్రభుత్వం తీరు మారాలని కోరే ప్రకటన మీద సంతకం పెట్టినందుకు తర్వాత పార్టీలోంచి, సైన్యంలోంచి తీసేశారు. అంత పేరున్న మనిషి బోర్లు వేసే గుంపుతో ఊళ్లు తిరిగి బతికాడు. 2000లో ప్రాగ్‌లో చనిపోయాడు.

ఇదంతా అన్నకు చెప్పి, వాచీ విప్పించి నేను పెట్టుకున్నా. మా గ్రౌండ్ చుట్టు 200 మీటర్లు, టేపుతో కొలిచినం. చుట్టుకు 54 సెకన్లు దాటితే ఎర్ర తువ్వాల ఊపుతా. మొదటిరోజు చెయ్యి ఖాళీగా ఉందని ఉత్త మణికట్టే నాలుగుసార్లు చూసుకున్నాడు. పోయిన ఆదివారం తువ్వాల రెండుసార్లే ఊపాల్సొచ్చింది.

7 నిమిషాల 22 సెకన్లు. ఇంకా ఏడు కావాలె.