చెక్కసిపాయిల రాజ్యము

‘జేన్ ఐర్’ నవలచే ఆంగ్ల సాహిత్యమున ప్రసిద్ధి కెక్కిన షార్లెట్ బ్రాంటీ 1816 ఏప్రిల్ 21వ తేదీన ఇంగ్లండులోని యార్క్‌షైరు సీమలో జన్మించెను. తండ్రి పాట్రిక్ క్రైస్తవ మతాచార్యుడు. హావర్త్ అను కొండపల్లెలో, శ్మశానము నానుకొనియున్న గృహమున ఆ కుటుంబము కాపురముండెను. 1821లో తల్లి గతించెను. 1825లో, బడిలో జబ్బుపడి యింటికి వచ్చిన అక్కలు మరియా, ఎలిజబెత్ ఒకరివెంట నొకరు మరణించిరి. మిగిలిన పిల్లలు నలుగురు: షార్లెట్, తమ్ముడు బ్రాన్వెల్, చెల్లెండ్రు ఎమిలీ, ఆన్.

1826 జూనులో తండ్రి లీడ్స్ నగరమునుండి బ్రాన్వెల్‌కు పండ్రెండు చెక్కసిపాయిలను తెచ్చి యిచ్చెను. పిల్లలు తలకొక బొమ్మను ఏరుకొనిరి. షార్లెట్ సిపాయి వెల్లింగ్టన్ ప్రభువు. బ్రాన్వెల్ సిపాయి నెపోలియన్. ఈ వీరులు ఓడ యెక్కి ఆఫ్రికా పశ్చిమతీరము చేరి గాజునగరమును నిర్మించిరి. ముడిమ్యాల వంటి మన పల్లెలలో కోతికొమ్మచ్చి ఆడబోవు పిల్లలు, ఎవడు దొంగయో, ఏ చెట్టు హద్దో ముందుగనే చెప్పుకొందురు గదా! వీరును నియమములు చేసికొనిరి. అరేబియా కథలలోని జీనీలు తామే యనుకొనిరి. యుద్ధమున కూలిన సిపాయిని జీనీ మరల బ్రతికింపవచ్చును. మన శుక్రాచార్యుని మృతసంజీవని వంటిదే యిది. రేపటి యుద్ధమునకు సైన్యము కావలెను, నిజమే. కాని యేడాది క్రితమే ఇద్దరక్కలను పోగొట్టుకొన్న పసివారు చేసికొన్న నియమ మిది యని మరువరాదు.

ఆ సిపాయిలు చదువుటకై అగ్గిపెట్టె యంతటి పుస్తకములను చీమతలకాయ లంతటి అక్షరములతో వ్రాసి, తామే కుట్టిరి. ఈ బాల్యరచనలను వట్టి యాటగా త్రోసివేయు విమర్శకులు కలరు. నేనట్లు తలపను.

1831 జనవరిలో షార్లెట్ రోహెడ్ పాఠశాలకు వెడలగా ఆట చెదరెను. ఎమిలీ, ఆన్ విడిపోయి, ఉత్తర పసిఫిక్ సముద్రమున గోండాల్ అను దీవిని తమకై కల్పించుకొనిరి. 1834లో షార్లెట్, బ్రాన్వెల్ ఆంగ్రియా అను క్రొత్త రాజ్యమును నెలకొల్పిరి. జమోర్నా దానికి రాజు. జీనీలు క్రమముగా కథనుండి మాసిపోయిరి. సంజీవని పోయినది, దానితో కుట్రకును ప్రేమకును బరువు వచ్చినది, చావునకు భయము వచ్చినది.

ఆ భయమును షార్లెట్ తానే చవిచూచెను. 1835 నుండి ఆమె రోహెడ్‌లోనే ఉపాధ్యాయిని. 1836లో ఇంటియొద్ద బ్రాన్వెల్ ఆంగ్రియాను యుద్ధమున ముంచి, జమోర్నా భార్య మేరీని చంపబూనెను. పిల్లల వ్యాకరణదోషములు దిద్దుచున్న అక్కకు మేరీ బ్రతికియున్నదో లేదో తెలియదు, ఉత్తరము రావలసినదే. బడిపంతులు పనిలో మనసొకచోట, దేహమొకచోట నుండుట యెట్టిదో ఈ పాఠకులకు వేరుగ చెప్పనక్కరలేదు. తుదకు తన కథలో ఆమె మేరీని సజీవురాలినిగనే నిలిపెను. కాని జీనీని పిలుచుటకు వీలు లేదు. కథలోనే దారి వెదకవలసివచ్చెను.

1839 ప్రాంతమున ఆమె ఆంగ్రియాకు వీడుకోలు చెప్పెను. 1847లో కరర్ బెల్ అను మారుపేరుతో ‘జేన్ ఐర్’ వెలువడెను. అందు బడిలో క్షయచే మరణించు హెలెన్ అను బాలికకు మూలము అక్క మరియాయే. హెలెన్ తిరిగి లేవదు.

1848 సెప్టెంబరులో బ్రాన్వెల్, డిసెంబరులో ఎమిలీ, 1849 మేలో ఆన్ గతించిరి. రాత్రివేళ భోజనపుబల్ల చుట్టును నడచుచు తమ కథలను ముచ్చటించుకొనుట అక్కచెల్లెండ్ర కలవాటు. 1855 మార్చి 31న తాను కన్నుమూయుటకు ముందు, పెక్కు రాత్రులు షార్లెట్ ఆ బల్ల చుట్టును ఒంటరిగా నడచెను.