తలతిరుగుడుకు మూలం చెవిలో వెదికిన మెనియర్

ఉన్నట్టుండి ఇల్లంతా గిరగిర తిరిగినట్లై, వాంతి చేసుకుని, గోడ పట్టుకుని కూలబడిన మనిషిని చూసి మన పల్లెల్లో కొందరు పైత్యమంటారు, మరికొందరు పక్షవాతానికి నాంది అంటారు. నూట అరవై ఏళ్ల క్రితం పారిస్ నగరంలోని మహావైద్యులకు ఆ మాత్రం సందేహం కూడా లేదు. మెదడులోకి నెత్తురు పోటెత్తడమే కారణమని తీర్మానించి, నరం కోసి రక్తం తీసేవారు, జలగలు పట్టించేవారు. దోషం చెవిలో ఉండవచ్చునని వారికి ఎదురు చెప్పిన వైద్యుడు ప్రాస్పెర్ మెనియర్.

ఆయన 1799లో ఫ్రాన్సు దేశంలోని ఆంజే పట్టణంలో జన్మించారు. పారిస్ చేరి, ఓటెల్ ద్యూ ఆసుపత్రిలో ప్రఖ్యాత శస్త్రవైద్యుడు ద్యుపుయిట్రెన్ వద్ద పనిచేశారు. 1833లో ప్రభుత్వం ఆయనకు ఒక విచిత్రమైన పని అప్పగించింది. తిరుగుబాటుకు యత్నించి బ్లే కోటలో బందీగా ఉన్న బెర్రీ రాణివాసపు వితంతువు గర్భవతి అని తేలగా, ఆమెను కనిపెట్టుకుని ఉండే వైద్యుడుగా మెనియర్‌ను పంపారు. అక్కడ రాసుకున్న దినచర్యను ఆయన మరణానంతరం కుమారుడు అచ్చు వేయించారు. 1835లో దక్షిణ ప్రాంతంలో కలరా ప్రబలినప్పుడూ ఆయననే పంపారు.

1838లో ఇతార్ మరణించగా, పారిస్‌లోని బధిరుల విద్యాలయానికి మెనియర్ ప్రధాన వైద్యులయ్యారు. ఆయన జీవితానికి అదే మలుపు. చెవి రోగులనే నిత్యం చూచే వాడు కనుక, ఇతరుల కంటబడనిది ఆయన కంటబడింది. తల తిరిగి పడిపోయే వారిలో కొందరికి చెవిలో హోరు, క్రమంగా వినికిడి తగ్గడం కూడా ఉండేవి. దాడి తగ్గగానే వారు మామూలుగా నడిచేవారు. కాలూ చేయీ పడిపోయేవి కావు. వ్యాధి మెదడుదే అయితే ఇలా ఎందుకుంటుంది? అంతకు ముందే ఫ్లూరెన్స్ అనే శాస్త్రజ్ఞుడు పావురాల లోపలి చెవిలోని అర్ధవృత్తాకార కుల్యలను కోయగా, అవి నిలకడ తప్పి గిరగిర తిరిగాయి. మెనియర్ ఈ రెంటినీ కలిపి ఆలోచించారు.

1861 జనవరి 8న వైద్య అకాడమీలో తన వ్యాసం చదివారు. చలికాలంలో బండి పైభాగాన ప్రయాణించి, హఠాత్తుగా చెవుడు వచ్చి, తల తిరిగి, అయిదవ రోజున మరణించిన ఒక యువతి ఉదంతం అందులో ఉంది. శవపరీక్షలో మెదడు, వెన్నుపాము చెడలేదు. కుల్యల్లో మాత్రం ఎర్రని ద్రవం నిండి ఉంది. (ఆమెది నేడు మెనియర్ వ్యాధి అంటున్నది కాదని తరవాతి వారు భావించారు. అయినా ఆయన చూపిన చోటు సరియైనదే.) అకాడమీలో ఆదరణ అంతంతమాత్రం. ట్రూసో వంటి ఒకరిద్దరు పెద్దలు సమర్థించారు. మరుసటి ఏడు ఫిబ్రవరిలో న్యుమోనియా సోకి మెనియర్ కన్నుమూశారు. వ్యాధికి తన పేరు పెట్టడం ఆయన చూడలేదు. లోపలి చెవిలో ద్రవం ఉబ్బడం ఆ రోగంలో కనిపిస్తుందని 1938లో గాని తేలలేదు.

ఆ తికమక నేటికీ పూర్తిగా తీరలేదు. చిన్నమెదడులో రక్తనాళం పూడుకున్నా తల తిరగడమే మొదటి గుర్తు కావచ్చు. సీటీ స్కాన్‌లో అది తరచూ కనబడదు. మొదటి ఒకటి రెండు రోజుల్లో ఎంఆర్ఐ సైతం తప్పవచ్చు. కనుగుడ్ల కదలికను పరిశీలించే నేర్పుగల వైద్యుడే అప్పుడు మేలు. మెదడు కణాలు దెబ్బతిన్నప్పుడు రక్తంలోకి చేరే ఎస్100బి, జీఎఫ్ఏపీ వంటి ప్రోటీన్లను కొలిచి భేదం తెలుసుకోవాలని పరిశోధకులు ప్రయత్నిస్తున్నారు. ఒకనాడు గిన్నెలకొద్దీ తీసి పారబోసిన నెత్తురులోనే నేడు ఆనవాలు వెదకుతున్నారన్నమాట. అయితే చిన్న దెబ్బకు ఆ ప్రోటీన్లు స్వల్పంగానే పెరుగుతాయి గనుక, దానిని మాత్రమే నమ్మి రోగిని ఇంటికి పంపగల పరీక్ష ఇంకా స్థిరపడలేదు. మాట తడబడినా, ఒకటి రెండుగా కనిపించినా, ఆసరా లేక నిలబడలేకపోయినా వెంటనే పెద్దాసుపత్రికి చేర్చాలి. గడ్డను కరిగించే మందు సాధారణంగా నాలుగున్నర గంటల లోపు ఇవ్వవలసినది.

మెనియర్ చెప్పిన గుర్తుకు కూడా ఒక మినహాయింపు ఉంది. చిన్నమెదడులో కొంత భాగానికీ లోపలి చెవికీ రక్తం అందించే నాళం ఒక్కటే. అది పూడితే తలతిరుగుడుతో పాటు చెవుడూ వస్తుంది. కనుక హఠాత్తుగా చెవి వినబడకపోయినంత మాత్రాన, ఇది చెవి రోగమే లెమ్మని ఊరుకోవడానికి వీలులేదు.