రూత్ ఫోటో ఏమైంది?

ఎవరెస్టు పేరెత్తితే నాకు జార్జి మాలొరీ కంటే ముందు ఆయన భార్య రూత్ గుర్తొస్తుంది.

మాలొరీ ఇంగ్లండులో బడిపంతులుగా పనిచేశాడు. 1914లో పెళ్లి, ఆపైన ముగ్గురు పిల్లలు. 1924 జూన్ 8న టిబెట్ వైపునుంచి శిఖరానికి ఎక్కుతూ, తోడున్న ఇర్విన్‌తో సహా మబ్బుల్లో మాయమయ్యాడు. మిత్రుడు ఓడెల్ చివరి శిబిరం దాటి ఒంటరిగా వెతికాడు. జాడ లేదు. తండ్రిలేని పిల్లల్ని పదిహేనేళ్లు పెంచాక, రూత్ 1939లో మళ్లీ పెళ్లి చేసుకుంది. 1942లో కన్నుమూసింది.

1999 మే 1న, సుమారు 8,155 మీటర్ల ఎత్తున మాలొరీ దేహం దొరికింది. జేబుల్లో ఉత్తరాలున్నాయి. శిఖరం మీద పెడతానని నాన్న మాటిచ్చాడని కూతురు క్లేర్ చెప్పిన అమ్మ ఫోటో మాత్రం లేదు.

ఆ ఫోటో పైన పెట్టాడా లేదా అని లోకం ఇంకా అడుగుతోంది. ఫోటోలోని మనిషి ఇంట్లో ఎలా నెట్టుకొచ్చిందో అడిగేవాళ్లేరీ?