మేఘంలో మంచు బీజాలను వెతికిన మెకానిక్

కృత్రిమ వర్షం అనగానే మనకు విమానం గుర్తొస్తుంది. విన్సెంట్ షేఫర్ జీవితంలో విమానం కంటే ముందు ఒక ఫ్రీజర్ పెట్టె ఉంది. దాని అవసరం ఇప్పటికీ తీరలేదు.

వానలు మొహం చాటేసినప్పుడల్లా తెలుగు నేల మీద మేఘమథనం మాట వినిపిస్తుంది. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అనంతపురం వంటి కరవు జిల్లాల కోసం విమానాలతో ఈ పని మొదలుపెట్టింది. కొన్నేళ్లు సాగించింది. అప్పుడూ ఇప్పుడూ రెండు ప్రశ్నలు వెంటాడుతూనే ఉన్నాయి. పడిన వాన మనం కురిపించిందా, దానంతట అది కురిసిందా? మనం చల్లిన పదార్థానికి ఆ మేఘంలో నిజంగా కొరత ఉందా?

రెండో ప్రశ్నకు జవాబు వెతికే పరికరాల్లో తొలితరం పరికరం ఒకటి 1946లో అమెరికాలో తయారైంది. దాన్ని తయారుచేసిన షేఫర్ హైస్కూలు చదువు కూడా పూర్తి చేయలేదు.

డ్రిల్లింగ్ మెషిన్ నుంచి ప్రయోగశాలకు

షేఫర్ 1906 జులై 4న న్యూయార్క్ రాష్ట్రంలోని షెనెక్టడీలో పుట్టారు. ఐదుగురు పిల్లల్లో పెద్దవారు. ఆ ఊరి బతుకంతా జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీతో ముడిపడి ఉండేది. ఇల్లు గడవడం కష్టమై 1922లో ఆయన చదువు మానేసి ఆ కంపెనీలో అప్రెంటిస్‌గా చేరారు. డ్రిల్లింగ్ మెషిన్ దగ్గర పని. అది విసుగెత్తి, చెట్లకు చికిత్స చేసే పని నేర్చుకుని కొన్నాళ్లు అదే చేశారు. చివరకు మళ్లీ కంపెనీకే వచ్చారు. ఈసారి పరిశోధనశాలకు కావలసిన పరికరాలు, నమూనాలు చేసిపెట్టే వర్క్‌షాపులో చోటు దొరికింది.

ఆ పరిశోధనశాలలో ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ ఉండేవారు. 1932లో రసాయనశాస్త్రంలో నోబెల్ అందుకున్న శాస్త్రవేత్త. చెప్పిన వస్తువును చెప్పినదానికంటే బాగా చేసి తెచ్చే ఈ యువకుడు ఆయన కంట్లో పడ్డాడు. లాంగ్‌మ్యూర్ ఆయన్ను తన సహాయకుడిగా తీసుకున్నారు. కొండలెక్కడం, మంచులో తిరగడం ఇద్దరికీ ఇష్టం. ఆ ఇష్టం నుంచే షేఫర్ తొలి పేరు వచ్చింది. కరిగిపోయే మంచు రేకును పల్చటి ప్లాస్టిక్ ద్రావణంలో ముంచి, దాని అచ్చును శాశ్వతంగా నిలిపే పద్ధతిని 1940 ప్రాంతంలో కనిపెట్టారు.

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఇద్దరూ సైన్యం కోసం పొగతెరలు పుట్టించే యంత్రం మీద పనిచేశారు. తర్వాత విమానాల రెక్కలపై మంచు ఎందుకు పేరుకుంటుందో తెలుసుకోవడానికి మౌంట్ వాషింగ్టన్ శిఖరానికి వెళ్లారు. అక్కడ వారిని ఒక విషయం ఆలోచనలో పడేసింది. సున్నా డిగ్రీల కంటే ఎంతో చల్లగా ఉన్న మేఘంలో కూడా నీటి బిందువులు గడ్డకట్టకుండా నీరుగానే ఉంటున్నాయి.

నల్ల వెల్వెట్ పరిచిన పెట్టె

నీరు సున్నా దగ్గర గడ్డకడుతుందని బడిలో చదువుకుంటాం. అది గ్లాసులో నీటికి వర్తిస్తుంది. మేఘంలోని అతిసూక్ష్మ బిందువు మంచుగా మారాలంటే దానికొక ఆధారం కావాలి. ధూళి రేణువో మరొకటో, మంచు స్ఫటికం పేర్చుకోవడానికి అనువైన ఉపరితలం ఉన్న కణం కావాలి. వాటినే మంచు బీజాలు అనవచ్చు. ఒకసారి స్ఫటికం ఏర్పడితే చుట్టూ ఉన్న బిందువుల తేమను లాక్కుని అది పెరుగుతుంది, బరువెక్కి కిందికి జారుతుంది. దారిలో కరిగితే వాన, కరగకపోతే హిమపాతం. ఇంతవరకూ యూరప్ శాస్త్రవేత్తలు అప్పటికే వివరించారు. ఆ కణాలు ఏవో, ఎన్నో కంటితో చూసే సులువైన దారి కావలసి వచ్చింది.

షేఫర్ ఇళ్లలో వాడే ఫ్రీజర్ పెట్టె తీసుకున్నారు. లోపల నల్లటి వెల్వెట్ గుడ్డ పరిచారు. పైనుంచి దీపం వెలుగు ప్రసరింపజేశారు. లోపలికి నోటితో ఊదితే ఆ ఆవిరి చిన్న మేఘమవుతుంది. గడ్డకట్టని బిందువులు మసక పొగలా కనిపిస్తాయి. ఒక్క మంచు స్ఫటికం పుట్టినా అది నల్లటి నేపథ్యంలో తళుక్కుమంటుంది. ఆ పరికరం మొత్తం ఇంతే.

ఉప్పు, టాల్కం, గంధకం, రకరకాల మట్టి, ఎన్ని చల్లినా పెద్దగా ఫలితం రాలేదు. 1946 జులైలో ఎండ మండిపోతున్న ఒక రోజు పెట్టె తగినంత చల్లబడలేదు. చల్లబరచడానికి డ్రై ఐస్ ముక్క లోపల పెట్టారు. క్షణంలో పెట్టె నిండా లెక్కలేనన్ని స్ఫటికాలు మెరిశాయి. షేఫర్ అక్కడితో ఆగలేదు. ద్రవ గాలిలో ముంచిన సూదితో పరీక్షించి, ఇది డ్రై ఐస్‌కు మాత్రమే ఉన్న గుణం కాదని తేల్చారు. సుమారు మైనస్ 39 డిగ్రీల కిందికి చల్లబడితే బిందువులకు ఏ బీజమూ అక్కరలేదు, వాటంతట అవే గడ్డకడతాయి.

అదే ఏడాది నవంబర్ 13న చిన్న విమానంలో వెళ్లి మసాచుసెట్స్ కొండల మీది మేఘంలో మూడు కిలోలకు మించని డ్రై ఐస్ చల్లారు. మేఘం కింద మంచు తెరలు వేలాడాయి, నేలకు చేరకముందే ఆవిరయ్యాయి. మరునాడే సహోద్యోగి బెర్నార్డ్ వానెగట్, మంచు స్ఫటిక నిర్మాణానికి దగ్గరి పోలిక ఉన్న సిల్వర్ అయోడైడ్‌ను ఆ పెట్టెలోనే నిరూపించారు. నేటికీ మేఘమథనంలో వాడుతున్నది అదే.

కీర్తి, చిక్కు

1947లో సైన్యంతో కలిసి ప్రాజెక్ట్ సిర్రస్ మొదలైంది. ఆ అక్టోబర్‌లో అట్లాంటిక్‌లో ఒక తుపానులో డ్రై ఐస్ చల్లారు. తుపాను దారి మళ్లి జార్జియా తీరాన్ని తాకింది. మళ్లించింది తామేనని లాంగ్‌మ్యూర్ నమ్మారు. ఆ మలుపు అప్పటికే మొదలైందని తర్వాతి పరిశీలనలు తేల్చాయి. గొప్ప మేధావి కూడా కొలత కంటే కోరికను ముందు పెడితే ఏమవుతుందో చెప్పడానికి ఇది చాలు.

షేఫర్ స్వభావం వేరు. చల్లే పనితో పాటు లెక్కపెట్టే పనినీ ఆయన వదల్లేదు. మౌంట్ వాషింగ్టన్ మీద పెట్టె ఉంచి గాలిలో మంచు బీజాల సంఖ్య రోజురోజుకూ ఎలా మారుతుందో నమోదు చేయించారు. మైనస్ 20 డిగ్రీల దగ్గర లీటరు గాలికి సగటున ఒక్కటంటే ఒక్క మంచు బీజం ఉంటుందని తర్వాతి ఏళ్ల కొలతలు చెప్పాయి. అదే లీటరులో మామూలు ధూళి కణాలు లక్షల్లో ఉంటాయి. ఆ ఒక్కదాన్ని పట్టుకోవడమే అసలు కష్టం.

పెట్టెకు లోపాలున్నాయి. గోడలకు పట్టిన మంచు రాలితే లెక్క తప్పుతుంది, చూసేవారి కన్ను అలసిపోతుంది. అందుకే ఆస్ట్రేలియాలో కీత్ బిగ్ అతిగా చల్లబరచిన పంచదార ద్రావణాన్ని పళ్లెంలో అడుగున ఉంచారు. అందులో పడిన ప్రతి స్ఫటికం పెరిగి కంటికి ఆనుతుంది. ఆ తర్వాత అమెరికాలో స్ఫటికం సన్న గొట్టంలోంచి దూసుకెళ్లేటప్పుడు పుట్టే చప్పుడును లెక్కించే యంత్రం వచ్చింది.

భుయ్యాడీహ్ గాలిలో ఏముంది?

ఈ కథకు మన దేశంలో ఒక కొస ఉంది. సిల్వర్ అయోడైడ్ వెలుగులోకి వచ్చిన ఐదేళ్లకే, 1951లో, టాటా సంస్థ పశ్చిమ కనుమల్లో నేలపై నిలిపిన యంత్రాలతో దాన్ని మేఘాల్లోకి పంపింది. భారత్‌లో ఇదే తొలి ప్రయత్నంగా చెబుతారు.

ఆ సంస్థ ఉక్కునగరం జంషెడ్‌పూర్‌లో సువర్ణరేఖ ఒడ్డున భుయ్యాడీహ్ ఉంది. ఉత్తరాంధ్ర నుంచి పనికి వెళ్లిన తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఆ నగరంలో ఉన్నాయి. 1960 ప్రాంతంలో ఫ్రాన్స్, ఆస్ట్రేలియాల్లో చేసిన కొలతలు ఉక్కు కొలిమి పొగలో మంచు బీజాలున్నాయని చూపాయి. 1966లో షేఫర్, కార్ల పొగలోని సీసం అయోడిన్ ఆవిరితో కలిస్తే మంచు బీజాలు పుడతాయని ప్రకటించారు. మనిషి తెలియకుండానే మేఘమథనం చేస్తున్నాడన్న ఆందోళన ఆయన చివరి దశ పరిశోధనకు కేంద్రమైంది. భుయ్యాడీహ్ లాంటి చోట మేఘంలో కొత్తగా ఏదైనా చల్లే ముందు, కర్మాగారాలూ వాహనాలూ అప్పటికే ఏం చల్లాయో కొలవాలి.

మన వర్షాకాలపు మేఘాల్లో చాలావరకు మంచు స్థాయికి ఎదగవు. ఆ స్థాయి నేల నుంచి సుమారు ఐదు కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. అలాంటి మేఘాలకు సిల్వర్ అయోడైడ్ దండగ. అందుకే బారామతిలో పుణె శాస్త్రవేత్తలు ఉప్పు పొడితో ఏళ్ల తరబడి ప్రయోగాలు చేశారు. 2009లో మొదలైన కైపీక్స్ కార్యక్రమంలో, హైదరాబాద్ సహా పలు నగరాల నుంచి, పరికరాలు మోసుకెళ్లిన విమానాలు ముందు మేఘాల లోపలి స్థితిని కొలిచాయి. షేఫర్ పెట్టె నేర్పిన క్రమం ఇదే.

షేఫర్ 1960లో ఆల్బనీలో వాతావరణ పరిశోధన కేంద్రం స్థాపనలో ముందున్నారు. 1976లో విరమించారు. 1993 జులై 25న పుట్టిన ఊళ్లోనే కన్నుమూశారు. ఆయనకున్నది గౌరవ డాక్టరేట్ మాత్రమే. కరవు జిల్లా రైతు పేరుతో కోట్లు ఖర్చుపెట్టే ముందు ఏ ప్రభుత్వమైనా ఆయన్ను గుర్తుచేసుకోవాలి. ఎన్ని గంటలు విమానం ఎగిరింది అన్న లెక్క కంటే, ఎగరకముందు మేఘంలో ఏముంది అన్న లెక్క ముఖ్యం. ఆ లెక్క జనం ముందు పెట్టిన రోజున, పడిన వాన ఎవరిదన్న వాదనకు కొంతైనా ఆధారం దొరుకుతుంది.