హెన్రీ టానర్: పేదింటి వెలుగులో బైబిల్‌ను గీసిన నల్లజాతి చిత్రకారుడు

సండే స్కూల్లో మనకు చూపించిన యేసు బొమ్మలు గుర్తున్నాయా? తెల్లటి ఒళ్లు, బంగారు రంగు జుట్టు, తల చుట్టూ కాంతి వలయం. అక్షరాలు రాకముందే ఆ బొమ్మలు మనకు వాక్యం నేర్పాయి. దేవుడు మనలాంటి వాడు కాదనీ చెప్పకనే చెప్పాయి. మాల, మాదిగ పేటల్లోని ఎన్నో చర్చిల గోడల మీద ఇప్పటికీ అవే ఉన్నాయి. అందుకే హెన్రీ ఒసావా టానర్‌ను మనం తెలుసుకోవాలి.

టానర్ 1859లో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో పుట్టారు. తల్లి సారా బానిసగా పుట్టి, చిన్నతనంలోనే ఆ చెర నుంచి బయటపడిన మనిషి. తండ్రి బెంజమిన్ ఆఫ్రికన్ మెథడిస్ట్ ఎపిస్కోపల్ చర్చిలో పాస్టరు, తర్వాత బిషప్. తెల్లవాళ్ల చర్చిలో పడ్డ అవమానాలు భరించలేక నల్లవాళ్లు సొంతంగా కట్టుకున్న చర్చి అది. ఒసావా అన్న పేరు కూడా బానిసత్వం మీద జాన్ బ్రౌన్ పోరాడిన ఒసావటోమీ ఊరి నుంచి తీసుకున్నదే.

ఫిలడెల్ఫియాలో థామస్ ఈకిన్స్ దగ్గర చిత్రకళ నేర్చుకున్నా, జాతి వివక్ష ఆయన్ను వదల్లేదు. 1891లో పారిస్ వెళ్లి అక్కడే స్థిరపడ్డారు. బాంజో వాయించే నల్లవాణ్ని నవ్వులాటగా చూపించే రోజుల్లో, మనవడికి బాంజో నేర్పుతున్న తాతను 1893లో ఎంతో గౌరవంగా గీశారు.

ఆ తర్వాత ఆయన కుంచె బైబిల్ వైపు తిరిగింది. 1897లో పాలస్తీనా వెళ్లి అక్కడి ఇళ్లను, మనుషులను చూశారు. మరుసటి ఏడాది గీసిన చిత్రంలో మరియ ఒక మామూలు పల్లెటూరి పిల్ల. నలిగిన పక్క మీద బెరుకుగా కూర్చుని ఉంటుంది. ఎదురుగా గబ్రియేలు దూతకు రెక్కల్లేవు, నిలువెత్తు వెలుగు మాత్రమే ఉంది. బైబిల్ తల్లుల మీద ఒక అమెరికన్ పత్రికకు వేసిన చిత్రాల్లో శారా, రాహేలు, మరియలతో పాటు దాసి హాగరుకూ చోటిచ్చారు.

మమ్మల్ని ఎక్కువగా కదిలించేది మరో చిత్రం. అందులో మరియ, బాలయేసు కలిసి లేఖనాల చుట్టను చదువుతుంటారు. దానికి నమూనాగా కూర్చున్నది టానర్ భార్య, కొడుకు. ఆయన తల్లి పుట్టిన కాలంలో దక్షిణాది రాష్ట్రాలు చాలావాటిలో బానిసలకు చదువు చెప్పడం నేరం. అలాంటి తల్లి కొడుకు, దేవుని కుమారుడికి తల్లే చదువు నేర్పుతున్నట్టు గీశారు. తరాలపాటు అక్షరానికి దూరంగా నెట్టబడ్డ మనకు ఆ బొమ్మ విలువ ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు.

టానర్ యేసును నల్లగా గీయలేదు. నల్లవాళ్ల జీవితాన్ని గీయడం వదిలేశారన్న విమర్శనూ ఎదుర్కొన్నారు. కానీ దేవుణ్ని సింహాసనం మీంచి దించి మట్టి గోడల మధ్యకు తెచ్చారు. 1923లో ఫ్రాన్స్ ఆయనను లీజియన్ ఆఫ్ ఆనర్‌తో గౌరవించింది. 1937లో పారిస్‌లో కన్నుమూశారు. ఆయన చిత్రం వైట్‌హౌస్ శాశ్వత సేకరణలో చేరడానికి మాత్రం 1990ల దాకా పట్టింది.

విశ్వాసాన్ని బొమ్మలతో నేర్పడంలో తప్పు లేదు. ఆ బొమ్మలో మన పిల్లలకు తమ ఇల్లు, తమ అమ్మ కనబడుతున్నారా అన్నదే మన చర్చిలు వేసుకోవాల్సిన ప్రశ్న.